ఓవర్‌హెడ్ ట్యాంకు పల్టీ కొట్టదు

జూన్ 4

అక్కయ్యకి,

నమస్కారాలు. ఫోను చెయ్యడం లేదని కోప్పడకు. ఈ మధ్య కంపెనీవాళ్లు లైను సరిగ్గా ఇవ్వడం లేదు. నీ మాట నాకు దుప్పట్లోంచి మాట్లాడుతున్నట్టు వస్తోంది. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, నా ఎర్రపిట్ట నా పరువు తీస్తోంది. అదే, రిమోటుతో ఎగరేసే నా బొమ్మ విమానం. రిటైరయ్యాక నాకున్న ఏకైక సంతానం అని నువ్వు ఎగతాళి చేస్తావే, అది. ఈ వేసవిలో దానికి కొత్త రంగు వేశాను. ఎరుపు మీద సన్నటి తెల్లగీత. చేతులు బార చాపితే ఎంతో, రెక్కలు అంత. ముక్కు భాగం విప్పి, లోపలంతా తుడిచి, కొన్ని సవరణలు కూడా చేశాను. చూస్తే దిష్టి తగిలేటట్టుంది. ఎగరమంటే మాత్రం మొరాయిస్తోంది. నేల మీద ఉన్నంతసేపూ పొగ కక్కుతూ దగ్గుతుంది. ఎలాగో లేపితే కాసేపు బుద్ధిగా తిరుగుతుంది. ఇంకొంచెం ఎత్తుకి వెళ్దామని ముక్కు పైకెత్తానో లేదో, ఇంజను ఆగిపోతుంది. మొన్న ఆదివారం ముళ్లపొదలో దిగింది. మా బొమ్మ విమానాల క్లబ్బు సభ్యులందరూ చూశారు.

కారణం నాకు తెలిసిపోయింది. ఇంధనం! క్లబ్బులో అందరికీ మిథనాల్‌లో ఆముదం కలిపి డబ్బాల్లో పోసి ఇచ్చేది మైకు. మందుల షాపు మైకు, నీకు గుర్తుండే ఉంటాడు. నాతో కాలేజీలో చదివాడు, మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది, అందుకే ఆ పేరు. పొగ ఎక్కువ వస్తోందంటే ఆముదం ఎక్కువైందనేగా? ఇంజను ఆగిపోతోందంటే ఆముదం తక్కువైందనేగా? వాణ్ణి అడిగితే ఏమన్నాడో తెలుసా? "నీ ప్లగ్గు పాతదైపోయిందిరా ముసలోడా, నీలాగే" అన్నాడు, పదిమందిలో.

నువ్వు ఫిజిక్సు చెప్పినదానివి. ఇంధనం గురించి రెండు ముక్కలు రాసి పంపు. నలుగురికీ చూపించాలి.

నీ తమ్ముడు


జూన్ 11

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మూడు పేజీలు. అందులో రంగు గురించి ఒకటిన్నర, మైకుని తిట్టడానికి ఒకటి, ఇంజను గురించి మిగిలిన అర. నా క్లాసులో ఎవరైనా ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేసి, ఆ సున్నాలో కళ్లూ ముక్కూ గీసి ఇచ్చేదాన్ని. నువ్వు పెద్దవాడివి కాబట్టి ఉత్త సున్నా.

మనవరాలు సెలవులకి నా దగ్గరే ఉంది. లెక్కలు చెబుతున్నాను. దానిదీ నీ జబ్బే. ముందు జవాబు రాసేసి, ఆ తర్వాత దానికి తగ్గ లెక్క వెతుక్కుంటుంది. దానికింకా పదేళ్లు, మారుతుందన్న ఆశ ఉంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇంధనంలో ఆముదం పాళ్లు తప్పితే ఇంజను ఆగిపోవడం సహజమే. అయితే మైకు పాళ్లు తప్పాడని చెప్పడానికి నీ ఉత్తరంలో ఒక్క ఆధారమూ లేదు. నువ్వు అనుకున్నది కాదు, చూసింది రాయి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆగుతోందా, సగమయ్యాకా? ముక్కు పైకెత్తినప్పుడేనా, ఎప్పుడైనానా? అదే డబ్బాలోది పోసుకున్న మిగతావాళ్ల ఇంజన్లు ఎలా ఉన్నాయి?

నా ఫోను లైను బాగానే ఉంది. పాలబ్బాయితో మాట్లాడినా, బ్యాంకువాళ్లతో మాట్లాడినా స్పష్టంగా వినపడుతోంది. నీ దగ్గరే దుప్పటి కప్పుకుంటోంది. ఆలోచించు.

అక్కయ్య


జూన్ 20

అక్కయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం బ్రహ్మాండంగా పనిచేసింది! క్లబ్బు మీటింగులో లేచి నిలబడి చదివాను. "ఇంధనంలో ఆముదం పాళ్లు తప్పితే ఇంజను ఆగిపోవడం సహజమే." మా అక్కయ్య ఊరికే మాట తూలే మనిషి కాదు, సైన్సు టీచరు అని చెప్పాను. మైకు ఏదో అరిచాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఏమన్నాడో సరిగ్గా పట్టించుకోలేదు. తలూపి కూర్చున్నాను.

ఫలితం ఏమిటంటే, మైకుని సస్పెండు చేశారు. వచ్చే నెల చివర్లో, జూలై ఇరవై ఎనిమిదిన సర్వసభ్య సమావేశం. అందులో పూర్తిగా తీసేస్తారు. ఆముదమే సరిగ్గా కొలవలేనివాడు దగ్గుమందు ఏం కొలుస్తాడని మా సెక్రటరీ ఒక జోకు వేశాడు. ఇప్పుడు వీధి వీధినా అదే. షాపుకి జనం తగ్గారట. పాత బేరాలు కూడా రోడ్డు దాటి ఎదురు షాపుకి వెళ్తున్నాయట. నాకు కాస్త బాధగానే ఉంది, కానీ క్రమశిక్షణ క్రమశిక్షణే.

మైదానం ఇప్పుడు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నావు! పక్కన చేరి చెవిలో అరిచేవాళ్లు లేరు. నేనూ, ఆకాశమూ.

ఇంధనం కొత్త డబ్బా బయటి నుంచి తెప్పించాను. సీలు వేసిన కంపెనీ సరుకు. దానితో కూడా పిట్ట అలాగే ఆగుతోంది. ఈ కంపెనీవాళ్లూ మైకు లాంటివాళ్లే అయ్యుంటారు. ఈ రోజుల్లో ఎవరిని నమ్ముతాం?

నీ తమ్ముడు


జూన్ 26

ఒరేయ్,

ఈసారి ఆశీస్సులు లేవు.

నేను రాసిన వాక్యంలో సగం చదివి, సగం మింగావు. నా పేరు చెప్పి ఒక మనిషి షాపు ముందు నుంచి జనాన్ని రోడ్డు దాటించావు. మందులు అమ్ముకునేవాడికి చేతికొలత మీద మచ్చ పడితే ఇంకేం మిగులుతుంది? మీ సెక్రటరీ జోకు వేశాడంటావు. ఆ జోకుకి పీట వేసింది నువ్వు, పీటకి నా ఉత్తరాన్ని కాళ్లుగా పెట్టావు.

ఇక నీ తెలివి చూద్దాం. పొగ వస్తే ఆముదం ఎక్కువ. ఆగిపోతే ఆముదం తక్కువ. ఒకే డబ్బా, ఒకే పూట. ఆముదం నేల మీద ఎక్కువై, ఆకాశంలో తక్కువవుతుందా? ఇంజనీరింగు పట్టా ఎవరిచ్చార్రా నీకు? సీలు డబ్బాతో కూడా అలాగే ఆగుతోందని నీ చేత్తోనే రాశావు. ఆ వాక్యం రాసిన పెన్ను సిగ్గుపడి ఆగిపోవాల్సింది, నీ ఇంజనులాగా.

ఇంధనం మారినా జబ్బు మారలేదు. అంటే జబ్బు ఇంధనంలో లేదు. నువ్వు చేశానన్న "కొన్ని సవరణలు" ఏమిటి? ట్యాంకు ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, దానికి ఎన్ని గొట్టాలు, ఏది ఎక్కడికి పోతోంది? రంగు గురించి ఒక్క అక్షరం రాసినా ఉత్తరం వెనక్కి పంపుతాను.

అక్కయ్య


జూలై 3

అక్కయ్యకి,

నమస్కారాలు. నువ్వు ఇవ్వకపోయినా నేను పెడుతున్నాను.

నీకు చిన్నప్పటి నుంచీ నేనంటే లోకువ. నా స్నేహితులు ఇంటికొస్తే వాళ్లని కూర్చోబెట్టి నా మార్కులు చదివి వినిపించేదానివి. మైకు అంటే మాత్రం ఎప్పుడూ మెత్తగానే ఉన్నావు. సగం చదివానంటావు. పేజీ కింద కళ్లజోడు జారింది, అంతే. కావాలని చెయ్యలేదు.

ట్యాంకుల గురించి నాకు పాఠం చెబుతావా? నీటి సరఫరాలో నా సర్వీసంతా ట్యాంకులే. సగం ఊరు పొద్దున్నే కుళాయి తిప్పి నా పని గురించి తెలుసుకునేది. ఇంట్లో ఉన్నా, ఏ వీధికి నీళ్లు సన్నగా వస్తున్నాయో చెప్పగలిగేవాణ్ణి.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇందులో దాచుకునేదేమీ లేదు. ట్యాంకు ఇంజనుకి వెనకాల, ముక్కులోపలే ఉంటుంది. పాత ఏర్పాటులో దానికి రెండు గొట్టాలు. ఒకటి ఇంధనాన్ని ఇంజనుకి తీసుకెళ్లేది. రెండోది, నవ్వొస్తుంది విను, సైలెన్సరు నుంచి పొగని వెనక్కి తెచ్చి ట్యాంకులోకి ఊదేది! శుభ్రమైన ఇంధనంలోకి పొగ ఊదడం ఏమిటి? ఎవడి బుర్రలో పుట్టిందో. పీకి పారేశాను. సైలెన్సరుకున్న చిన్న మూతికి మర, అదే స్క్రూ, బిగించి మూసేసి దాని మీద కూడా ఎర్రరంగు వేశాను. వెతికినా కనపడదు. ట్యాంకుకి గాలి ఆడ్డానికి చిన్న కన్నం వదిలాను. ఇక ఒత్తిడి అంటావా, అది నాకు నేర్పక్కర్లేదు. ట్యాంకు కింద స్పాంజి మడత పెట్టి ఇంజను కన్నా ఎత్తుగా కూర్చోబెట్టాను. ఎత్తు ఉంటే ఒత్తిడి దానంతటదే వస్తుంది. ఏ పంపూ లేకుండా సగం ఊరికి నీళ్లు ఇచ్చాను, ఒక బొమ్మ ఇంజనుకి ఇవ్వలేనా?

నీ తమ్ముడు

రంగు గురించి రాయలేదు. మర మీద వేసిన రంగు లెక్కలోకి రాదు.


జూలై 10

తమ్ముడికి,

ఆశీస్సులు ఇస్తున్నాను. ఈ ఉత్తరం చదివేటప్పుడు నీకు అవసరమవుతాయి.

నీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు ఎప్పుడైనా ముక్కు పైకెత్తిందా? పల్టీ కొట్టిందా? పక్షుల్ని తరుముకుంటూ పక్కకి ఒరిగిందా? అది నాలుగు స్తంభాల మీద కదలకుండా కూర్చుంటుంది కాబట్టి నీ కుళాయిల్లో నీళ్లొచ్చాయి, నీ పేరు నిలబడింది. విమానం నేల మీద నిలబడ్డప్పుడు నీ ట్యాంకు ఇంజను కన్నా ఎత్తు. అందుకే కావలసినదాని కన్నా ఎక్కువ ఇంధనం దిగి, పొగా దగ్గూ. ముక్కు పైకెత్తగానే ఇంజను పైకి పోయింది, వెనకాలున్న ట్యాంకు కిందికి పోయింది. సగం ఖాళీ అయితే ఇంధనం ఇంకా కిందికి. ఇప్పుడు ఏ ఎత్తు నుంచి వస్తుంది నీ ఒత్తిడి? ఇంజను దాహంతో చచ్చిపోతోంది. నువ్వు దాని పక్కన నిలబడి, నీళ్లు పోసేవాణ్ణి దొంగ అంటున్నావు.

నువ్వు పీకేసిన గొట్టం పని అదే. సైలెన్సరులోని ఒత్తిడిని తెచ్చి ట్యాంకులో పెడుతుంది. ఇంజను ఎంత గట్టిగా తిరిగితే అంత గట్టిగా ఇంధనాన్ని ముందుకి తోస్తుంది. విమానం ఎటు తిరిగినా తోస్తుంది. దానికి ఎత్తుతో పని లేదు.

నేను ఊహించి రాయడం లేదు. మనవరాలి షాంపూ సీసా ఖాళీ చేసి, రెండు గొట్టాలు దూర్చి, వంటింటి సింకు దగ్గర చూశాను. (షాంపూ పోయిందని అది అలిగింది. సైన్సు కోసం జుట్టు త్యాగం చెయ్యమన్నాను.) సీసా పైకెత్తి పట్టుకుంటే ధార. కిందికి దించితే చుక్క లేదు. రెండో గొట్టంలో నోటితో ఊదితే, దించినా ధార. పదేళ్ల పిల్ల చూసి అర్థమైందంది. నువ్వూ చెయ్యి.

గొట్టం తిరిగి తగిలించు. స్పాంజి తీసెయ్యి. ఇంజను నడుస్తుండగా ఒకరు విమానాన్ని ముక్కు పైకెత్తి పట్టుకోవాలి, ఇంకొకరు చప్పుడు వినాలి. ఇంధనం అందకపోతే ఆగేముందు ఇంజను గొంతు సన్నబడుతుంది.

ఇక్కడ ఇంకో మాట. ఫోనులో చాలాసార్లు చెప్పాను. నువ్వు ప్రతిసారీ "ఊఁ ఊఁ" అన్నావు, ఆ తర్వాత నేను అడగని వాతావరణం గురించి చెప్పావు. నీకు చెవులు వినపడటం లేదు. నేను మీ మైదానానికి వచ్చినప్పుడు చూశాను. నీ చేతిలో రిమోటు, నీ పక్కన మైకు. "సన్నబడుతోందిరా, దించు! దించు!" అని వాడు అరిచేవాడు, నువ్వు దించేవాడివి. ఎగరేస్తున్నది నువ్వే అనుకున్నావు. మైదానం ప్రశాంతంగా ఉందని రాశావే, అది ప్రశాంతత కాదు. చెవుల్ని సస్పెండు చేసి కూర్చున్నావు.

అక్కయ్య


జూలై 18

అక్కయ్యకి,

నమస్కారాలు. ప్రయోగం జరిగింది. రెండో మనిషి అక్కర్లేకపోయింది. పెరట్లో పాత బల్ల ఒకటి గోడకి ఏటవాలుగా ఆనించి, పిట్టని తాళ్లతో దానికి కట్టి, ముక్కు ఆకాశానికి పెట్టాను. మొదట నా ఏర్పాటుతో. ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ ఆగింది. తర్వాత మర విప్పి, పాత గొట్టం చెత్తబుట్టలోంచి వెతికి తీసి, తగిలించి, స్పాంజి తీసేసి, ఇంధనం ఎంత పారాలో సర్దే సూది సరిచేసి తిప్పాను. ప్రొపెల్లరు ఆగలేదు. ట్యాంకు అడుగంటేదాకా తిరిగింది. కళ్లతో చూశాను. పక్కింటివాళ్లు కూడా గోడెక్కి చూశారు. ఏదో అన్నారు, నేనూ తలూపాను.

మొత్తం మీద నా ప్రయోగం ఫలించింది. క్లబ్బు పత్రికకి ఒక వ్యాసం రాస్తున్నాను. "ట్యాంకులో ఒత్తిడి: ఒక ఇంజనీరు పరిశోధన." నీ సహాయానికి చివర్లో కృతజ్ఞతలు ఉంటాయి.

మైకు సంగతి మెల్లగా సద్దుమణుగుతుంది. సమావేశంలో "రెండువైపులా కొన్ని లోపాలు" అని చెబుదామనుకుంటున్నాను. వాడికీ గౌరవం, నాకూ గౌరవం. మర ఊసు ఎత్తాల్సిన అవసరం లేదు. అందరి ముందూ ఆ మాట ఎలా చెప్పమంటావు అక్కయ్యా? నీటి సరఫరా ఇంజనీరుని.

చెవుల గురించి నీది అపోహ. ఇంజను పక్కన ఎవరికైనా వినపడదు.

నీ తమ్ముడు


జూలై 23

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ పరిశోధన చెత్తబుట్టలో దొరికిందని నువ్వే రాశావు. వ్యాసానికి ఆ పేరు పెట్టు.

రెండువైపులా లోపాలున్నాయన్నావు. ఒకవైపు మర ఉంది. రెండోవైపు ఏముందో చూపించు.

కింది నాలుగు ముక్కలూ సమావేశంలో చదువు. కళ్లజోడు జారకుండా తాడు కట్టుకో.

"సభ్యులకి. నా తమ్ముడు పోయిన సమావేశంలో నా వాక్యం సగం చదివాడు. ఇది మిగతా సగం. మైకు ఇంధనంలో తప్పు లేదు. ఒత్తిడి గొట్టాన్ని నా తమ్ముడే పీకి, ఆ మూతికి మర బిగించి, దాని మీద రంగు వేశాడు. దగ్గుమందు జోకు వేసిన సెక్రటరీగారు ఆ జోకుని ఎంతమందికి చెప్పారో అంతమందికీ ఇదీ చెప్పాలి. మైకు ఆముదాన్ని కంటిచూపుతో పోస్తాడని నేను విన్నాను. అదృష్టం కొద్దీ చూపు బాగుంది. ఇకమీదట కొలజాడీ వాడాలి."

సమావేశంలో చదివితే సగం పని. ఆ షాపు ముందు నుంచి జనం రోడ్డు దాటారు కాబట్టి, మిగతా సగం ఆ షాపులో చదవాలి. అలా చెయ్యకపోతే నేనే రైలెక్కి వచ్చి చదువుతాను. నా గొంతు నీకు తెలుసు. అది నీక్కూడా వినపడుతుంది.

అక్కయ్య


ఆగస్టు 1

అక్కయ్యకి,

నమస్కారాలు.

సమావేశంలో చదివాను. మర దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. బాగా నవ్వారని వాళ్ల భుజాలు చూస్తే తెలిసింది. సెక్రటరీ మాత్రం నవ్వలేదు. తీర్మానం రద్దు చేశారు. మైకు అసలు రాలేదు. నాకు ఒక క్షణం హాయిగా అనిపించింది, పని అయిపోయిందని. నీ ఉత్తరంలో రెండో సగం అంతలోనే గుర్తొచ్చింది.

మర్నాడు షాపుకి వెళ్లాను. వరుసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. వెనకటికి ఆ వేళప్పుడు మెట్ల దాకా ఉండేవాళ్లు. నా వంతు వచ్చింది. ఎవరినో అడిగినట్టు "ఏం కావాలండీ?" అన్నాడు. వాడు నన్ను అండీ అనడం పుట్టాక ఇదే మొదలు. కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. రెండు ముక్కలు చదివానో లేదో, బల్ల మీద గుద్ది, "వినపడటం లేదు, గట్టిగా!" అన్నాడు. గొంతు పెంచాను. "ఇంకా గట్టిగా! ఎదురు షాపుకి వినపడాలి!" అక్కయ్యా, నేను వీధిలో నిలబడి, ఎదురు షాపువైపు తిరిగి, మర గురించి అరిచాను. అక్కడ మందులు కొనుక్కుంటున్నవాళ్లు బయటికొచ్చి విన్నారు.

ఆముదం, కొలజాడీ ముక్క మర్యాద కోసం వదిలేశాను. కాగితం లాక్కుని ఆ ముక్క వాడే చదివాడు, నాకన్నా గట్టిగా. "మీ అక్కయ్య రాసింది మళ్లీ మింగుతావురా?" అని తిట్టాడు. రా అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

అన్నీ చక్కబడ్డాయని రాయను, నువ్వు పట్టుకుంటావు. బేరాలు కొన్ని వెనక్కి వచ్చాయి, కొన్ని రాలేదు. జోకు ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని రద్దు చేసే తీర్మానం క్లబ్బు నిబంధనల్లో లేదట. క్లబ్బుకి ఇంధనం ఇక కలపనని వాడు చెప్పేశాడు. నాకొక్కడికే కలుపుతాడట, కొలజాడీతో, నా కళ్లెదురుగా.

నిన్న ఆదివారం మైదానానికి వచ్చాడు. పలకరింపు లేదు. గొట్టం రెండు కొసలూ వేలితో లాగి చూసి, ఊఁ అని పక్కన నిలబడ్డాడు. పిట్టని లేపాను. ముక్కు పైకెత్తాను. ఇంకా ఎత్తాను. అంత నిటారుగా ఎన్నడూ ఎత్తలేదు. పల్టీ కూడా కొట్టించాను, నీ ఓవర్‌హెడ్ ట్యాంకు గుర్తొచ్చి.

నిజం చెబుతున్నాను, ఇంజను చప్పుడు నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆగిందో, నడుస్తోందో తెలీదు. పక్కన వాడు అరుస్తూనే ఉన్నాడు. "బాగుందిరా! బాగుంది! ఎత్తు!" అని. అది వినపడింది.

నీ తమ్ముడు


ఆగస్టు 7

తమ్ముడికి,

ఆశీస్సులు, ఈసారి పూర్తిగా.

ఉత్తరం రెండు పేజీలు. రంగు ఊసు లేదు. అనుకున్నవి తక్కువ, చూసినవి ఎక్కువ. షాపులో కొలజాడీ ముక్క వదిలేశావు, దానికి కోత. పదికి ఏడు వేశాను.

వచ్చే శనివారం వస్తున్నాను. మీ ఊళ్లో చెవి డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. మొహమాటానికి ఆయన ముందు తలూపితే మళ్లీ రంగు వేసిన మర కథే అవుతుంది, కాబట్టి మైకుని వెంట తీసుకురా. ఆయన అడిగింది వాడు నీకు అరిచి చెబుతాడు. నువ్వు వినలేదని నేను ఆయనకి చెబుతాను.

చెవికి మెషిను పెట్టాక కూడా వాణ్ణి పక్కనే నిలబెట్టుకో. గొట్టం ఊరికే వేలాడుతున్నట్టు కనపడుతుందని మళ్లీ పీకెయ్యకు.

అక్కయ్య